ట్యాంకుకి లంఖణం

ఆ ఎండాకాలం మా వీధిలో ఏ పెరడు చూసినా నెర్రెలిచ్చి ఉండేది. మా పెరట్లో మాత్రం ఒక మూల పచ్చగా ఉండేది. నువ్వు గుడగుడల దగ్గర మొదలుపెట్టమంటున్నావు గానీ అమ్మడూ, గుడగుడలు తర్వాతొచ్చాయి. ముందొచ్చింది గుమ్మడి పాదు. అక్కణ్ణించే రాసుకో.

బాత్‌రూమ్ గోడ వెనక, సెప్టిక్ ట్యాంకు మూతకి కాస్త ఇవతల, మీ నాయనమ్మ ఒక గుమ్మడి గింజ పెట్టింది. పక్కనే గుప్పెడు తోటకూర విత్తనాలు చల్లింది. ఆ తర్వాత చెంబుడు నీళ్ళు పోసిన పాపాన పోలేదు. పోయాలన్నా బావిలో నీళ్ళు అడుగంటాయి. అయినా తీగ గోడెక్కి, గోడ మీంచి బాత్‌రూమ్ కప్పెక్కింది. ఒక్కో ఆకూ చేటంత. తోటకూర మోకాలెత్తు లేచింది. కోస్తే మర్నాటికి మళ్ళీ చిగురేసేది. ఆవిడ కొంగులో వేసుకుని ఇంటింటికీ పంచేది. మీ చెయ్యి మంచిదండీ అని వాళ్ళంటుంటే మీ నాయనమ్మ తన చెయ్యి ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకునేది. నేనేం తక్కువ తినలేదు. పంక్చరు వేయించుకోడానికొచ్చిన ప్రతివాడికీ ఆ గుమ్మడి సంగతి చెప్పి పంపేవాణ్ణి.

నాకప్పుడు బస్టాండు పక్కన సైకిల్ షాపు. చిన్న రేకుల షెడ్డు, ఒక గాలి పంపు, ఒక నీళ్ళ తొట్టి. నా దగ్గరికొస్తే కొత్త ట్యూబు కొనే పనుండదని పేరు. ఎంత పాత ట్యూబైనా ప్యాచ్ వేసి నడిపించేవాణ్ణి. అదో పట్టుదల నాకు.

ఇల్లు కట్టింది మీ నాయనమ్మ వాళ్ళన్నయ్య. మీ మేస్త్రి తాత. నాకు బావ. ఆయన్ని ఊళ్ళో అందరూ రసమట్టం అనేవాళ్ళు. గోడ మీద పెట్టి వాలు చూస్తారే, లోపల నీళ్ళలో చిన్న బుడగ తిరుగుతుంటుంది, ఆ రసమట్టం ఎప్పుడూ ఆయన జేబులోనే ఉండేది. మా ఇంటికొచ్చి టీ ఇస్తే, ముందు బల్ల మీద అది పెట్టి, బల్ల కాలి కింద అట్టముక్క దోపి, బుడగ మధ్యకొచ్చాకే గ్లాసు దించేవాడు. ఇంటి గోడలకి కూలీలని పెట్టుకున్నాడు గానీ సెప్టిక్ ట్యాంకు మాత్రం ఇంకెవర్నీ చెయ్యి పెట్టనివ్వకుండా తనే కట్టాడు. చెల్లెలికి అది ఆయన కానుక. నవ్వకు, నిజంగానే. ఎవరైనా ఇల్లు చూడ్డానికొస్తే మీ నాయనమ్మ హాలు, వంటిల్లు చూపించి, పెరట్లోకి తీసుకెళ్ళి ఆ మూత కూడా చూపించేది. మా అన్నయ్య కట్టాడండీ అని.

వానలు పడగానే మొదలైంది. నువ్వప్పటికి పాకుతున్నావు. నీ గుడ్డలు ఉతికి ఉతికి మీ అమ్మ చేతులు పాసిపోతున్నాయని మీ నాన్న వాషింగ్ మెషీన్ తెచ్చాడు. ఆ మెషీన్ నీళ్ళు వదిలినప్పుడల్లా బాత్‌రూమ్ లోపలే ఓ పక్కనున్న లెట్రిన్‌లోంచి గుడగుడమని చప్పుడు. ముందు విన్నది మీ అమ్మే.

“మావయ్యా, నీళ్ళు మెషీన్‌వి కదా. చప్పుడు అక్కణ్ణించి ఎందుకొస్తోంది?” అనడిగింది.

పైపులో గాలి పట్టుంటుంది, అదే పోతుందిలే అన్నాను. గాలి సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది.

గాలి పోలేదు. స్నానం చేస్తుంటే నీళ్ళు పాదాల మీద నిలవడం మొదలైంది. మీ నాన్న జాలీ తీసి, ఇనప తీగ పెట్టి పొడిచాడు. ఇంత వెంట్రుకల ఉండ బయటికొచ్చింది. మీ నాయనమ్మ దాన్ని పుల్లతో వెలుతుర్లోకి ఎత్తి చూసి, ఇవి కోడలివేనని తేల్చింది. అయినా నీళ్ళు కదల్లేదు. వంటింటి తూము కూడా అలాగే చేసింది. ఒక పైపు మూసుకుపోతే ఒకచోట నిలవాలి, ఇంట్లో అన్ని తూములూ ఒకేసారి ఎలా మూసుకుపోయాయని మీ అమ్మ అడిగింది. మీ నాన్న మళ్ళీ ఆ తీగే పుచ్చుకున్నాడు. ఆ తర్వాత వాసన. కిటికీ మూసినా ఎక్కణ్ణించో దూరేది. ఒకరోజు పొద్దున జాలీలోంచి నల్లనీళ్ళు పైకి తేలి బాత్‌రూమ్ అంతా పరుచుకున్నాయి.

అప్పుడు లారీని పిలిచాం. వెనక పెద్ద ట్యాంకరు, తొడంత లావు గొట్టం ఉండే లారీ. మీ నాన్న పెళ్ళికి ముందెప్పుడో ఒకసారి తీయించాం, మళ్ళీ ఇదే. లారీ అతను అంతా లాగేసి వెళ్ళాడు. గొట్టం చుట్టిపెట్టుకున్నాక ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. ఇక కొన్నేళ్ళు అటు చూడక్కర్లేదనుకున్నాం.

నెల తిరక్కుండానే మళ్ళీ గుడగుడ, మళ్ళీ లారీ. ఆ తర్వాత ఇంకా తొందరగా వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు లారీ అతను ఎవరినీ అడక్కుండా తిన్నగా పెరట్లోకి వెళ్ళిపోయాడు. పని అయ్యాక అరుగు మీద కూర్చుని, పిన్నిగారూ మంచినీళ్ళు అని లోపలికి కేకేశాడు.

“బాబాయ్, వేరే ఇళ్ళవాళ్ళు ఒకసారి పిలిచి నా మొహం మర్చిపోతారు. మీరేమో చుట్టాన్ని పిలిచినట్టు పిలుస్తున్నారు. నాకేం, వస్తాను. కానీ నేను లాగుతుంటే అవతలి గొట్టంలోంచి నీళ్ళు వెనక్కొస్తున్నాయి. అదేంటో చూసుకోండి,” అన్నాడు.

అవతలి గొట్టమంటే ట్యాంకులో పైకి తేలిన నీళ్ళు ఇంకుడు గుంతలోకి పోయే దారి. ఆ గుంత నీళ్ళు తాగి నేలలోకి వదలాలి. పోవాల్సిన నీళ్ళు వెనక్కొస్తున్నాయంటే గుంత ఇక తాగట్లేదని. ఈ ముక్క ఇప్పుడు నీకు వివరంగా చెబుతున్నాను గానీ, అప్పుడు చూద్దాంలే అని షాపుకి వెళ్ళిపోయాను.

మీ నాయనమ్మకి మాత్రం లెక్క తేలిపోయింది. ఇన్నేళ్ళూ నిండని ట్యాంకు ఇప్పుడే ఎందుకు నిండుతోంది? ఇంట్లోకి కొత్తగా వచ్చింది కోడలూ, పిల్లా, మెషీనూ. కోడలు పూటకోసారి స్నానం చేస్తుంది. తలంటుకుంటే ఎన్ని బకెట్లో. మెషీన్ తాగే నీళ్ళకి అంతే లేదు. మొహమ్మీద అనేది కాదు. మీ అమ్మ స్నానానికి వెళ్తే బాత్‌రూమ్ బయట బియ్యం చేట పెట్టుకుని కూర్చుని, బకెట్ నిండిన చప్పుడల్లా వినేది. వింటున్నట్టు లోపలికి తెలిసేలా దగ్గేది.

దాని మీద నీ కడుపు. నీకు విరేచనాలు పట్టుకున్నాయి. తగ్గేవి, మళ్ళీ వచ్చేవి. బుగ్గలు లోపలికిపోయి, చంక దిగకుండా ఏడ్చేదానివి. డాక్టరమ్మ మందు రాసి, ఏ నీళ్ళు తాగుతున్నారని అడిగిందట. బావి నీళ్ళని చెప్పింది మీ అమ్మ. ఇంటికొచ్చి ఆ రోజు నుంచి నీళ్ళు కాచి చల్లార్చడం మొదలుపెట్టింది. ఈ నీళ్ళు తాగించే నీ మొగుణ్ణి ఇంతవాణ్ణి చేశానని మీ నాయనమ్మ మూతి ముడిచింది. మీ అమ్మ గిన్నె పొయ్యి మీద పెట్టింది. ఇంట్లో అలా మాటలు తగ్గి, గిన్నెల చప్పుళ్ళు ఎక్కువయ్యాయి.

ఒక సాయంత్రం మెషీన్ తిరుగుతుంటే మీ నాయనమ్మ వెళ్ళి స్విచ్చి ఆపేసింది. లోపల నీ గుడ్డలు సబ్బు నురగలోనే ఉన్నాయి. మీ అమ్మ వచ్చి చూసింది. అరవలేదు. మీ అమ్మ ఎప్పుడూ అరవదు, నీకు తెలుసుగా.

“అత్తయ్యా, నా వల్లే నిండుతోందంటారు. అంతేగా?”

“నేనెక్కడన్నాను. నువ్వు రాకముందు నిండలేదన్నాను.”

“మరి నేను వెళ్తే నిండదా?”

“నిండదు.”

“సరే. పాపని తీసుకుని మా అమ్మ దగ్గరికి వెళ్తాను. మీరే చూడండి.”

ఆ గుడ్డలు చేత్తోనే జాడించి, పిండి, తడివి తడిగానే సంచిలో పెట్టుకుని తెల్లారి బస్సెక్కింది. మీ నాన్న ఎక్కించి వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలో నిలబడి చెప్పాడు. తన పనికి దగ్గర్లో రెండు గదుల వాటా ఒకటి చూశాడట. నెలాఖరులోగా ఆ ఇంటాయనకి ఏదో ఒక మాట చెప్పాలట. ఇక్కడ ఇలాగే ఉంటే పెళ్ళాన్నీ పిల్లనీ ఇటు తీసుకురాడట, తిన్నగా అక్కడికే తీసుకెళ్తాడట.

వెళ్ళండి అంది మీ నాయనమ్మ. అన్నదే గానీ ఆ పూట కంచంలో అన్నం కలుపుకుని అలాగే కూర్చుంది. సాయంత్రం ఊడుస్తుంటే మంచం కింద నీ గిలక్కాయ దొరికింది. కడిగి, తుడిచి, కిటికీలో పెట్టింది.

మర్నాడు లారీ వచ్చి అడుగంటా లాగేసి వెళ్ళింది. మీ నాయనమ్మ ట్రంకుపెట్టె తాళం ఊడదీసి తెచ్చి బాత్‌రూమ్‌కి వేసింది. తాళంచెవి నడుముకి దోపుకుంది.

“కడుపు చెడితే మనిషికి లంఖణం పెట్టమా? దీనికీ పెడతాను. ఒక్క చుక్క లోపలికి పోకుండా ఉంటే తెలుస్తుంది, ఎవరి వల్ల నిండిందో,” అంది.

“ట్యాంకుకి లంఖణమేంటే?” అన్నాను.

“మీరు సైకిళ్ళు చూసుకోండి.”

అలా ట్యాంకుకి లంఖణం మొదలైంది. లంఖణం దానిది, అవస్థ మాది. స్నానాలు ముందు వాకిట్లో, అరుగు పక్క రాయి మీద. ఆ నీళ్ళు వీధి కాలవలోకి పోయేవి. వచ్చేపోయేవాళ్ళు పలకరిస్తుంటే కళ్ళలో సబ్బుతోనే జవాబు చెప్పేవాణ్ణి. వంటింటి తూముకి గుడ్డ కుక్కి, అంట్లు కూడా వాకిట్లోనే తోమేది. అసలు పనికి నేను బస్టాండు లెట్రిన్‌కి వెళ్ళేవాణ్ణి. అక్కడ గుమ్మంలో కూర్చునే ముసలాయనకి సైకిలుంది. ఆయన నన్ను ఊరికే వెళ్ళనిచ్చేవాడు, నేను ఆయనకి ఊరికే గాలి కొట్టేవాణ్ణి. మీ నాన్న తన పని దగ్గరే చూసుకునేవాడు. మీ నాయనమ్మ పక్కింటికి వెళ్ళేది. ఉత్త చేతుల్తో వెళ్ళడానికి మొహం చెల్లక వెళ్ళినప్పుడల్లా ఒక గుమ్మడికాయ పట్టుకెళ్ళేది. మీ ఆవిడ మా మీద ఇంత అభిమానం ఎందుకు చూపిస్తున్నారండీ అని పక్కింటాయన నన్ను పట్టుకుని అడిగాడు. మంచి చెయ్యండీ ఆవిడది అన్నాను. ఇంకేం చెప్పను.

ఆవిడ ఏ పని చేసినా పకడ్బందీగా చేసేది. లారీ వెళ్ళిన రోజే ట్యాంకు మూత పక్కకి జరిపించి, వెదురు కర్ర దింపి, తడి ఎక్కడిదాకా వచ్చిందో చూసి అక్కడ ఎర్రదారం కట్టింది. అడుగుకి బెత్తెడు పైన. మూత మూసి, వాన నీళ్ళు పైనుంచి కారాయని ఎవరూ అనకుండా దాని మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, చుట్టూ ఇటుకలు పెట్టింది.

తర్వాత వాన పట్టుకుంది. తెరిపి లేకుండా కురిసింది. పెరట్లో కాలు పెడితే మడమ దిగేది. షాపుకి ఒక్క బేరం లేదు. నేను గుమ్మంలో కూర్చుని గుమ్మడి ఆకుల మీద వాన చప్పుడు వింటూ ఉండేవాణ్ణి. మీ నాయనమ్మ మూత వైపు చూస్తూ ఉండేది, పరీక్ష రాసొచ్చిన పిల్లలాగా.

వాన వెలిసిన పొద్దున నేను వాకిట్లో మొహం కడుక్కుంటున్నాను. పెరట్లో ఇటుకలు తీస్తున్న చప్పుడు వినపడింది. ఆ తర్వాత మూత జరిగిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. మొహం తుడుచుకుని, తువ్వాలు ఆరేసి, అప్పటికీ ఏమీ వినపడకపోతే వెళ్ళి చూశాను.

కర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఎర్రదారం కింద ఎక్కడో ఉండిపోయింది. కర్ర పైదాకా తడిసి ఉంది. వంగి లోపలికి చూశాను. ట్యాంకు నిండుగా ఉంది. పైన నీళ్ళు తేటగా ఉన్నాయి. మా ఇద్దరి తలకాయలూ, మా వెనక మబ్బూ అందులో కనపడుతున్నాయి.

బాత్‌రూమ్ తాళం వేసింది వేసినట్టే ఉంది.

షాపులో ట్యూబుకి చిల్లి ఎక్కడుందో తెలియకపోతే గాలి కొట్టి తొట్టిలో ముంచుతాం. చిల్లి ఉన్నచోట బుడగలొస్తాయి. గాలంతా పోయాక కూడా ట్యూబుని ఆ తొట్టిలోనే మర్చిపోయామనుకో, అదే చిల్లిలోంచి నీళ్ళు లోపలికెళ్ళి కూర్చుంటాయి. ఇన్నేళ్ళు ఆ తొట్టిలో చేతులు పెట్టిన నాకు, అక్కడ నిలబడ్డాక గానీ అది గుర్తు రాలేదు. నేల తడిస్తే ఆ నీళ్ళు ట్యాంకులోకి వస్తున్నాయి. వస్తున్నాయంటే గోడలో దారి ఉంది.

మీ నాయనమ్మ కర్ర గోడకి ఆనించి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

“అన్నయ్యని పిలుచుకురండి,” అంది.

బావ వచ్చేసరికి లారీ చేత మళ్ళీ తోడించాం. ఆయన మూత పూర్తిగా తీయించి, ఎవరూ లోపలికి దిగకండి, ఆ గాలి మనిషిని నిలువునా పడేస్తుంది అని ముందే చెప్పాడు. అద్దం కావాలన్నాడు. మీ నాయనమ్మ బాత్‌రూమ్ తాళం తీసి, గోడకున్న అద్దం తెచ్చిచ్చి, మళ్ళీ తాళం వేసింది. బావ ఎండకి అద్దం పట్టి వెలుతురు లోపలికి కొట్టాడు. ఎండ పడ్డచోట గోడ మీద సన్నగా ఒక పగులు. అందులోంచి నీళ్ళు దారంలాగా కిందకి జారుతున్నాయి. అద్దం కొంచెం తిప్పాడు. ఇంకో దారం. ఇంకొంచెం తిప్పాడు. గోడ చుట్టూతా తిప్పి అద్దం పక్కన పెట్టాడు.

పై వరస ఇటుకల మధ్య సిమెంటు గోటితో గీరాడు. తడిసిన పంచదారలా రాలింది. అప్పుడు జేబులోంచి రసమట్టం తీసి ట్యాంకు అంచు మీద పెట్టాడు. బుడగ ఒక పక్కకి పోయి ఆగిపోయింది. ఆయన దాన్నే చూస్తూ కూర్చున్నాడు. బుడగ మధ్యకి రాలేదు. తీసి జేబులో పెట్టుకున్నాడు.

నాకు జాలేసింది. “బావా, ఆ పగుళ్ళకి నాలుగు తట్టల సిమెంటు మెత్తితే సరిపోదా? నేనూ సాయం పడతాను,” అన్నాను.

“నీ దగ్గరికి ఒకడు రోజూ పొద్దున్నే గాలి కొట్టించుకోడానికొస్తే ఏం చెబుతావు?”

“ట్యూబు చూడనీమంటాను.”

“చూస్తే ప్యాచ్ మీద ప్యాచ్ ఉంది.”

నేను ట్యాంకులోకి వంగి చూశాను.

“చెప్పవయ్యా.”

“మార్చమంటాను,” అన్నాను. నా నోటి నుంచి ఆ మాట రావడం నాకే కొత్తగా ఉంది.

“మరి లారీవాడు రోజూ వస్తున్నాడు. ఇంకా చూడ్డానికేముంది. ఇది కట్టినప్పుడు నా నోట్లో పళ్ళన్నీ నావే. పళ్ళు మార్పించుకున్నాను గానీ దీని సంగతి మర్చిపోయాను,” అన్నాడు బావ.

ఇంకుడు గుంత ఎలా ఉందో చూద్దామని గునపం తీసుకుని, దాన్ని ఆనుకునే ఉన్న గుమ్మడి పాదు పక్కన రెండు పోట్లు పొడిచాడు. పొడిచిన గుంటలో నీళ్ళు ఊరుతూ వచ్చి అంచుదాకా నిలిచాయి. వాసన చెప్పక్కర్లేదు. ఆయన చేటంత ఆకులకేసి చూశాడు, చెల్లెలికేసి చూశాడు.

“చెల్లాయ్, ఇన్నాళ్ళూ నీ చెయ్యి మంచిదనుకుంటున్నావా?”

మీ నాయనమ్మ గుంటలోకి చూసింది. తన చెయ్యి చూసుకుంది.

“వీధంతా తిన్నారన్నయ్యా,” అంది మెల్లగా.

“వండుకునే తిన్నారుగా.” నవ్వబోయి ఆగిపోయాడు. తల తిప్పి బావి వైపు చూశాడు. ట్యాంకు నుంచి బావిదాకా ఉన్న జాగా అంతా ఒకసారి కళ్ళతో కొలిచాడు. “ఆ నీళ్ళు పాప తాగుతోందా?”

“కోడలు కాచి పడుతోంది.”

“కాచకముందు?”

 ఆవిడ బావి దగ్గరికి వెళ్ళి, గిలక మీంచి చేంతాడు తీసి, బకెట్‌తో సహా లోపల పెట్టేసింది. ఆ రోజు నుంచి తాగడానికి వీధి చివర కుళాయి నీళ్ళే. సాయంత్రం నేను షాపు నుంచి వచ్చేసరికి గుమ్మడి తీగ వేళ్ళతో సహా పీకి ఒక మూల పడేసుంది. తోటకూర కూడా లేదు. ఆవిడ గోళ్ళలో మట్టి ఇంకా ఉంది.

మర్నాడు మొదటి బస్సుకి ఇద్దరం మీ అమ్మమ్మగారింటికి వెళ్ళాం. నువ్వు చాప మీద కూర్చుని చెంచాతో గిన్నె కొడుతున్నావు. బుగ్గలు మళ్ళీ వచ్చాయి. ఇక్కడికొచ్చిన రెండ్రోజులకే కడుపు కుదుటపడింది వదినగారూ అంది మీ అమ్మమ్మ. మామూలుగానే అంది పాపం. మీ నాయనమ్మ ఆ మాటకి కొంగు సర్దుకుంది.

మీ అమ్మ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. తాగి, గ్లాసు కింద పెట్టి, నడుముకున్న తాళంచెవి తీసి మీ అమ్మ చేతిలో పెట్టింది మీ నాయనమ్మ.

“నువ్వు లేకపోయినా నిండింది,” అంది.

“నాకు తెలుసత్తయ్యా.”

“నాకు తెలీదు.”

అంతే. అంతకంటే వాళ్ళిద్దరూ ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు, నేను విన్నంతవరకు.

తాళంచెవి తీసుకుంది గానీ మీ అమ్మ సంచి సర్దలేదు. “కొత్తది కట్టించండత్తయ్యా. దాని మీద ఒక గట్టి వాన పడనివ్వండి. అప్పటికీ బాగుంటే వస్తాను. లేకపోతే ఆ రెండు గదుల్లోకే వెళ్తాం. దీన్ని ఎత్తుకుని మళ్ళీ ఆ డాక్టరమ్మ ముందు కూర్చోలేను,” అంది.

న్యాయమే అంది మీ నాయనమ్మ. అవతలివాళ్ళ మాట న్యాయమని ఆవిడ అనగా నేను వినడం అదే మొదటిసారి. బస్సులో తిరిగొస్తున్నప్పుడు సగం దారిలో గుర్తొచ్చింది, బాత్‌రూమ్ తాళంచెవి కోడలి దగ్గరే ఉండిపోయిందని. వెనక్కి వెళ్దామా అన్నాను. వద్దు, దాని దగ్గరే ఉండనీండి అంది.

కాబట్టి స్నానాలు మళ్ళీ రాయి మీదే.

బావ ఈసారి పెరడు వదిలేశాడు. ముందు వాకిట్లో, బావికి వీలైనంత దూరంగా, నేల కాస్త ఎత్తున్నచోట తవ్వించాడు. చిన్నదాంట్లో ఇంతమందిని ఇరికించాం, ఇప్పుడు ఇంట్లో ఎంతమంది ఉన్నారో, రేపు ఎంతమంది ఉంటారో చూసి కట్టాలని ట్యాంకు పెద్దది చేశాడు. ఇంకుడు గుంత కూడా కొత్తదే. పాత గుంత బాగు చెయ్యకూడదా అని నేనంటే, దాని కడుపు నిండిపోయింది బావా, ఇక వదిలెయ్ అన్నాడు. ప్రతి వరసకీ రసమట్టం పెట్టాడు. కూలీలు విసుక్కున్నా, వయసైపోయిందని తాపీ లాక్కోబోయినా ఇవ్వలేదు. లోపలి గోడలకి సిమెంటు పూసే గిలాబా పని ఆయనే చేశాడు. మీ నాయనమ్మ గొడుగు పట్టుకుని గట్టున నిలబడింది, అన్నయ్యకి ఎండ తగలకుండానో, సిమెంటు మీద చినుకు పడకుండానో నేనడగలేదు. పాతదాన్ని కడిగించి, అడుగు పగలగొట్టించి, మట్టి పోసి పూడ్చేశారు.

గిలాబా గట్టిపడ్డాక ట్యాంకు నిండా నీళ్ళు పోయించాడు బావ. మీ నాయనమ్మ పాత వెదురు కర్ర తెచ్చి తడి ఉన్నచోట ఎర్రదారం కట్టింది. మర్నాడు దింపింది. ఆ మర్నాడు దింపింది. తడి దారం దగ్గరే ఆగింది. అప్పుడు పైపులు కలిపారు.

ఇక వాన పడాలి. పడితే ఒట్టు. అన్ని రోజులు వద్దంటే కురిసిన వాన మొహం చాటేసింది. నెలాఖరు దగ్గరపడుతోంది. మీ నాన్న ఆ ఇంటాయనకి వస్తాననీ చెప్పలేదు, రాననీ చెప్పలేదు. పని నుంచి రాగానే ముందు ఆకాశం చూసేవాడు, తర్వాత వాళ్ళమ్మని చూసేవాడు. ఆవిడ ఉతికిన గుడ్డలు తీగ మీద వేసి, వాన వస్తే తడుస్తాయని తెలిసీ తీసేది కాదు. తడవనీ అనేది.

చివరికి ఒక మధ్యాహ్నం చీకటి పడ్డట్టు మబ్బేసింది. కాలవలు పొంగేలా కురిసింది. వీధి మోకాల్లోతు అయింది. పెరట్లో పాత గుంత దగ్గర బురద బురద. మీ నాయనమ్మ గుమ్మంలో కూర్చుని వాకిట్లో కొత్త మూతనే చూస్తోంది. తెరిపిచ్చాక నేను మూత జరిపాను, ఆవిడ కర్ర దింపింది. తడి దారం దాటలేదు. నాకు చూపించింది. మీ నాన్నకి చూపించింది. మీ నాన్న లోపలికి వెళ్ళి చొక్కా మార్చుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని ఆ నీళ్ళలోనే బస్టాండుకి నడిచాడు.

మర్నాడు పొద్దున నిన్ను చంకనేసుకుని మీ అమ్మ దిగింది. బావ కూడా వచ్చాడు. మీ అమ్మ నిన్ను నాకందించి, తాళం తీసి, బాత్‌రూమ్ తలుపు బార్లా తెరిచింది. అద్దం దాని చోట తగిలించింది. సంచిలోంచి నీ గుడ్డలు తీసి మెషీన్‌లో వేసి స్విచ్చి నొక్కింది. మెషీన్ తిరిగినంతసేపూ ఎవరం కూర్చోలేదు. నీళ్ళు వదిలే వేళకి మీ నాయనమ్మ వెళ్ళి లెట్రిన్ తలుపుకి చెవి ఆనించింది. బావ ఆవిడ వెనక నిలబడ్డాడు. నువ్వు నా చెవి పట్టుకుని పీకుతున్నావు.

నీళ్ళు పైపులో జర్రున పోయాయి. ఆ తర్వాత ఏమీ లేదు. వీధిలో ఎవరిదో సైకిల్ బెల్లు వినపడింది, అంత నిశ్శబ్దం.

“అయిపోయిందా?” అంది మీ నాయనమ్మ.

“అయిపోయిందత్తయ్యా.”

తలుపు దగ్గర ఇంకాసేపు నిలబడింది. తర్వాత గదిలోకి వెళ్ళి మంచం మీది దుప్పటి లాగింది. అది మొన్ననే ఉతికింది. తీసుకొచ్చి మీ అమ్మ చేతుల్లో పెట్టింది.

“ఇంకోసారి వెయ్యి,” అంది.